కార్తెలు రాసిపెట్టుకున్న పుస్తకం

(మాస్టారి స్మారక సభలో చేసిన ప్రసంగానికి అచ్చుపాఠం)



ఈ స్మారకోపన్యాసం నన్ను చెయ్యమన్నప్పుడు మాస్టారి పెద్దమ్మాయి ఒక్క కోరిక కోరింది. "నాన్నగారి గురించి తక్కువ చెప్పండి, ఆయనకి ఇష్టమైన వాటి గురించి ఎక్కువ చెప్పండి" అంది. ఆయన ఇంట్లో పెరిగిన పిల్ల అలాగే అడుగుతుంది. మాస్టారు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవారు. సంచీలో టిఫిన్ డబ్బా పక్కన ఎప్పుడూ ఒక కవిత్వం పుస్తకం ఉండేది. ఇంటర్మీడియట్‌లో నేను ఆయన దగ్గర మొక్కల పాఠాలు విన్నాను. ఆ తరవాత తెలుగు వైపు వచ్చేశాను, నా ఉద్యోగమంతా తెలుగు చెప్పడంతోనే గడిచింది. ఆ దారి చూపించింది ఆయనే. చెట్టుకీ పద్యానికీ మధ్య ఆయన గోడ కట్టుకోలేదు.

అందుకని ఇవాళ ఆయనకి ఇష్టమైన సంగతే ఎత్తుకుంటాను. మనిషి ఒక్కడూ కూర్చుని తనలోకి చూసుకునే కవిత్వం, ఇంటి జ్ఞాపకాల కవిత్వం, చెట్టూ చేమా వానా వెన్నెలా కవిత్వం ఒకటుంది. దాన్ని మన సాహిత్య సభల్లో చాలాకాలం వెనక వరసలో కూర్చోబెట్టారు. పని లేనివాళ్లు రాసుకునేదనీ, కడుపు నిండినవాళ్లు చదువుకునేదనీ అన్నారు. ఆ మాట అన్నవాళ్లలో నేను గౌరవించే పెద్దలున్నారు. అయినా ఒప్పుకోలేను. కోపమైనా, కరుణైనా, న్యాయం కోసం తపనైనా పుట్టేది ఆ వెనక వరసలోనే అని నా నమ్మకం. ఒక చిన్న సంగతి దగ్గర ఆగి, దాన్ని ఉన్నదున్నట్టు చూసి, మర్చిపోకుండా దాచుకున్న మనసులోంచే మిగతావన్నీ వస్తాయి. నేను చెప్పాలనుకున్నది ఇంతే. మిగిలిన సమయమంతా దానికి సాక్ష్యాలు తెస్తాను.

మొదటి సాక్ష్యం కోరింగ. మాస్టారు మమ్మల్ని ఏటా అక్కడికి తీసుకెళ్లేవారు. చొల్లంగి దాటాక గౌతమి సముద్రంలో కలిసేచోట మడ అడవులున్నాయి కదా, 1978లో వాటిని అభయారణ్యంగా ప్రకటించారు. బస్సు దిగగానే మేమందరం నోటు పుస్తకాలు తీసేవాళ్లం. ఆయన వద్దనేవారు. "ముందు కూచోండి. నీళ్లు ఎటు పోతున్నాయో చూడండి. పేర్లు తరవాత" అనేవారు. ఎవరూ మాట్లాడకూడదు. ఆటు వేళైతే నీళ్లు మెల్లమెల్లగా వెనక్కి తీస్తుంటే, బురదలోంచి మడ చెట్ల ఊపిరి వేళ్లు ఒకటొకటే బయటికొచ్చేవి. పెన్సిలంత లావు, జానెడు పొడవు, అన్నీ ఆకాశం కేసి నిలబడి ఉండేవి. బురదలో గాలి ఆడదు కనక ఆ చెట్టు వేరుని పైకి పంపించి ఊపిరి తీసుకుంటుంది. కాసేపయ్యాక మాస్టారు ఒక ఆకు తెంపి ఇచ్చి నాలిక మీద పెట్టుకోమనేవారు. ఉప్పగా ఉండేది. సముద్రం నీళ్లతో పాటు లోపలికొచ్చిన ఉప్పుని మడ చెట్టు ఆకుల మీదికి చెమర్చినట్టు వదిలేస్తుంది. ఎండలో పట్టి చూస్తే సన్నటి పలుకులు మెరుస్తాయి.

ఆ పక్కనే ఉప్పుపొన్న ఉంటుంది. దాని సంగతి ఇంకా వింత. దాని గింజ నేల మీద పడి మొలకెత్తదు. తల్లి కొమ్మకి వేలాడుతూ ఉండగానే కాయలోంచి మొలక వచ్చి, పచ్చటి కర్రలా పొడుగ్గా దిగుతుంది. ఈ ఉప్పులో, ఈ పోటులో ఒంటరిగా బతకగలిగినంత బలం వచ్చాకే తల్లిని వదులుతుంది. బురదలో నిలువునా గుచ్చుకుంటే అక్కడే వేరు పట్టేస్తుంది. లేదంటే నీటి మీద తేలుకుంటూ ఇంకో ఒడ్డు చూసుకుంటుంది. మాస్టారు ఇదంతా చెప్పి సంచీలోంచి పుస్తకం తీసేవారు. రెండు మూడు చిన్న కవితలు చదివేవారు. వివరించేవారు కాదు. పరీక్షలో అడిగేవి కావవి. మాలో చాలామందికి కవిత్వం మొదటిసారి చెవిన పడింది ఆ బురద వాసనలోనే.

ఆయన తీసిన పుస్తకం ఎక్కువసార్లు ఇస్మాయిల్‌ది. మన కాకినాడలో, పిఠాపురం రాజా వారి కాలేజీలో తత్వశాస్త్రం చెప్పిన ఇస్మాయిల్. 1928లో పుట్టి 2003లో వెళ్లిపోయారు. ఆయన మొదటి కవితా సంపుటి 'చెట్టు నా ఆదర్శం' 1972లో వచ్చింది. ఆ ఏడు ఎలాంటిదో గుర్తు తెచ్చుకోండి. అప్పటికి దిగంబర కవులు వచ్చి సాహిత్యాన్ని కుదిపేసి వెళ్లారు. 1970లో విప్లవ రచయితల సంఘం పుట్టింది. శ్రీకాకుళం కొండల్లో నెత్తురు కారింది. కవి అనేవాడు ఏ పక్షమో చెప్పి తీరాలని దేశమంతా అడుగుతున్న కాలం. అలాంటప్పుడు ఒక మనిషి పుస్తకం అట్ట మీద చెట్టు తన ఆదర్శమని వేసుకున్నాడు. విమర్శలు వచ్చాయి. రాక ఏమవుతుంది? అనుభూతి కవి అని ఒక పేరు పెట్టారు. ఆ పేరులో మెచ్చుకోలు ఎంత ఉందో, తోసెయ్యడమూ అంతే ఉంది.

నేను ఆ కవిత్వాన్ని ఏళ్ల తరబడి పాఠం చెప్పాను. నాకు అందులో కనబడింది పారిపోవడం కాదు. చెట్టు నిలబడ్డచోటి నుంచి కదలదు. వచ్చినవాడి కులం అడగదు, ఎండ తను తీసుకుని నీడ కింద పరుస్తుంది. గొడ్డలి పట్టుకున్నవాడికీ నీడ ఇస్తుంది. ఆ నడవడిని మనిషి ఆదర్శంగా పెట్టుకోవడం తేలికైన పనా? నినాదం ఇవ్వడం కంటే కష్టం. ఇస్మాయిల్ ఇంకో పుస్తకం పేరు 'బాల్చీలో చంద్రోదయం'. పేరు చూడండి. చంద్రుడి కోసం ఆయన ఏ కొండ శిఖరమూ ఎక్కలేదు. పెరట్లో నూతి పళ్లెం దగ్గర నీళ్లు పట్టిపెట్టుకున్న బాల్చీ చాలింది. ఆ బాల్చీ మన అందరిళ్లలోనూ ఉండేది. అందులో చంద్రుడూ ఉండేవాడు. వంగి చూసినవాళ్లు తక్కువ.

ప్రకృతి గురించి రాసిందల్లా మంచి కవిత్వమని నేననడం లేదు. కోకిల గొంతు ఎప్పుడూ వినకుండా రాసిన కోకిల కవితలు, పుస్తకాల్లోంచి తెచ్చుకుని రాసిన వెన్నెల కవితలు మన దగ్గర గంపలకొద్దీ ఉన్నాయి. ఇస్మాయిల్ తరవాత హైకూ రాసినవాళ్లలో కొందరు బాగా రాశారు, చాలామంది మూడు పాదాలు పేర్చి ఊరుకున్నారు. చూడకుండా రాస్తే ప్రకృతి కవిత్వమూ నినాదమే అవుతుంది, కాకపోతే మెత్తటి నినాదం. ఇంటి జ్ఞాపకాల కవిత్వానికీ ఇదే జబ్బు ఉంది. అమ్మ అనగానే కళ్లు తడవాలి, ఊరు అనగానే గుండె బరువెక్కాలి అని ముందే నిర్ణయించుకుని రాస్తే అందులో అమ్మా ఉండదు, ఊరూ ఉండదు.

ఇప్పుడు ఒక అక్కాతమ్ముళ్ల సంగతి చెబుతాను. మాస్టారికి చాలా ఇష్టమైన సంగతి.

శ్రీశ్రీ 'మహాప్రస్థానం' 1950లో పుస్తకంగా వచ్చింది. తెలుగులో అంత గట్టి గొంతున్న పుస్తకం ఇంకొకటి చూపించడం కష్టం. దాన్ని ఆయన ఎవరికి అంకితం ఇచ్చారు? కొంపెల్ల జనార్దనరావు అనే స్నేహితుడికి. 'ఉదయిని' అనే పత్రిక నడిపి, క్షయ వచ్చి, 1937లో చిన్న వయసులోనే పోయినవాడు. పుస్తకంలో కవితలన్నిటికంటే ముందు ఎదురయ్యేది అతని మీద రాసిన కవితే. అంటే జగన్నాథ రథచక్రాల కంటే ముందు, మరో ప్రపంచం కంటే ముందు, పోయిన స్నేహితుడి కోసం ఒక మనిషి పడ్డ బాధ ఉంది. ఆ గుమ్మం దాటే మనం ఆ పుస్తకం లోపలికి వెళతాం. ఇన్నేళ్లుగా ఆ గుమ్మాన్ని గబగబా దాటేస్తున్నాం.

ఆ జనార్దనరావుకి ఒక అక్క ఉంది. చావలి బంగారమ్మ. 1897లో పుట్టారు. ముద్దుకృష్ణ కూర్చిన 'వైతాళికులు'లో ఆమె కవితలున్నాయి. 'కాంచన విపంచి' ఆమె పుస్తకం. ఆ కవితలు చాలా చిన్నవి, మాటలు ఇంట్లో మాట్లాడుకునేవే. కొండ, నీడ, పసిపిల్ల, దారి, సాయంత్రం. అంతకు మించి ఏమీ తెచ్చుకోలేదామె. పైకి చదివితే పిల్లల పాటలేమో అనిపిస్తుంది. రెండోసారి చదివితే కింద ఒక లోతు తగులుతుంది.

ఒక మనిషి. అతని స్నేహితుడు తెలుగు కవిత్వంలో అన్నిటికంటే పెద్ద గొంతు. అతని అక్క తెలుగు కవిత్వంలో అన్నిటికంటే మెల్లగా మాట్లాడినవాళ్లలో ఒకరు. ఇద్దరూ ఏడ్చింది అతని కోసమే. మనం పుస్తకాల బీరువాలో ఈ ఇద్దరినీ వేరే వేరే అరల్లో పెట్టాం, ఒకరిది సామాజికమనీ ఒకరిది వ్యక్తిగతమనీ చీటీలు అంటించాం. ఆ ఇంట్లో వాళ్లకి అలాంటి అరలు లేవు. తమ్ముడు పోయిన ఇల్లు ఒకటే ఉంది. నాకు ఇది ఎప్పుడు తలచుకున్నా మనసు ఆగిపోతుంది. సాహిత్య చరిత్ర రాసేవాళ్లు ఉద్యమాల లెక్క రాస్తారు, రాయాలి కూడా. ఇంటి లోపలి లెక్క కూడా ఎవరో ఒకరు రాయాలి.

ఇంటి లెక్క అన్నాను కనక మా అమ్మ పద్దుల పుస్తకం గురించి చెప్పుకోనివ్వండి. మాది గోదావరి కాలవ మీద ఊరు. అమ్మ అయిదో తరగతి దాకా చదువుకుంది. ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడుగాటి పుస్తకంలో పాల పద్దు, చాకలి పద్దు, కొట్టు బాకీ రాసుకునేది. ఆమె పోయాక పెట్టె సర్దుతుంటే ఆ పుస్తకాలు దొరికాయి. తీరిగ్గా చూస్తే, అంకెల మధ్యలో ఇంకేవో ఉన్నాయి. "మృగశిర. నాలుగు చినుకులు. పెద్దాడికి జ్వరం దిగింది." "కాలవకి నీళ్లొదిలారు." "రోహిణి. వేడికి వేపచెట్టు కింద కుక్క లేవలేదు, నీళ్లు పెట్టాను." "ఆరుద్ర పురుగులు వచ్చాయి. పిల్లలు అగ్గిపెట్టెలో పెట్టారు. పడుకున్నాక వదిలేశాను."

ఆరుద్ర పురుగు ఇప్పటి పిల్లలకి తెలియకపోవచ్చు. జూన్ చివర ఆరుద్ర కార్తె వస్తుంది. తొలకరి పడి నేల నానగానే ఎర్రటి మఖమల్ గుడ్డ ముక్కలు కదులుతున్నట్టు గట్ల మీద ఇవి నడిచేవి. ఎనిమిది కాళ్లు. ముట్టుకుంటే కాళ్లు ముడుచుకుని కదలకుండా ఉండిపోతుంది. అరచేతిలో పెట్టుకుని ఊపిరి బిగపట్టి కాచుకుంటే, కాసేపటికి నమ్మకం కుదిరి ఒక్కో కాలూ బయట పెడుతుంది. ఏడాదిలో ఎక్కువ కాలం భూమి లోపలే ఉండి, వాన పడ్డాక కొద్ది రోజులే పైకొస్తుందనీ, చెదపురుగుల్ని తింటుందనీ మాస్టారి దగ్గర తెలుసుకున్నాను. ఇప్పుడు మా ఊరి గట్ల మీద అరుదుగా కనిపిస్తోంది. పురుగుమందులే కారణమని రైతులే చెబుతారు. అమ్మ పుస్తకంలో మాత్రం ఏటేటా వస్తూనే ఉంది.

కాలవకి నీళ్లొదలడం అన్న ముక్క కూడా ప్రతి ఏడూ ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచీ మా డెల్టా ఊళ్లకి అసలు సంవత్సరాది అదే. వేసవిలో కాలవలు కట్టేస్తారు. అడుగున మట్టి బీటలు వారుతుంది, పిల్లలం అందులోనే ఆడుకునేవాళ్లం. జూన్‌లో ఒక రోజు పైఊరి నుంచి కేక వినిపించేది. అందరం గట్టు మీదికి పరిగెత్తేవాళ్లం. ముందు నీళ్లు కనిపించవు. చప్పుడు వస్తుంది, ఎండుటాకుల మీద ఎవరో నడిచొస్తున్నట్టు. తరవాత గడ్డీ గాదం, ఎండు కొబ్బరాకులు, చెప్పు ముక్కలు, వాటి అంచున గోధుమరంగు నురగ. ఆ చెత్తనంతా తోసుకుంటూ జానెడు ఎత్తు నీరు. బీటల్లోకి దిగి, బుడగలు లేపి, మళ్లీ ముందుకి. పుల్లేటికుర్రు నేత చీర కొంగు నడుముకి దోపుకుని మా మామ్మ కూడా గట్టు మీద నిలబడి దణ్ణం పెట్టేది. అన్నం వస్తున్న చప్పుడమ్మా అది, అనేది.

మామ్మకి చదువు రాదు. పెరట్లో పారిజాతం చెట్టు ఆమెది. ఆ పువ్వు సాయంత్రం చీకటి పడ్డాక విచ్చుకుని తెల్లారేసరికి రాలిపోతుంది. తెల్లటి రేకులు, పగడం రంగు కాడ. మిగతా పువ్వుల్ని కోస్తారు, దీన్ని కొయ్యరు. రాలిన పువ్వే దేవుడికి పనికొస్తుంది. అందుకని రాత్రే చెట్టు కింద పేడనీళ్లతో అలికి, తెల్లవారుజామున లేచి వంగి ఒక్కొక్కటే ఏరేది. నన్ను పక్కన కూచోబెట్టుకునేది. ఆ కాసేపూ ఆమె ఎవరితోనూ మాట్లాడేది కాదు. పదిమంది ఉన్న ఇంట్లో, పొయ్యి వెలిగించిన దగ్గర నుంచి దీపం ఆర్పేదాకా చాకిరీ చేసే ఆడమనిషికి, తనదంటూ ఉన్న సమయం అదొక్కటే. ధ్యానం అనే మాట ఆమె ఎప్పుడూ వాడలేదు. ఆమె చేసిందానికి నా దగ్గర వేరే మాట లేదు.

తీరిక ఉన్నవాళ్లకే ఈ లోచూపు సాధ్యమనేవాళ్లకి మా మామ్మే నా జవాబు. పనిలోంచి చిటికెడు చీకటి దొంగిలించి ఆమె ఆ మౌనాన్ని సంపాదించుకుంది. నాట్లలో వంగిన ఆడవాళ్ల పాటలు, తిరగలి పాటలు, జోలపాటలు అన్నీ అలా సంపాదించుకున్నవే. పుట్టింటి దారి, పోయిన బిడ్డ, చెప్పుకోలేని మాట అన్నీ పని చప్పుడులో కలిపి పాడుకున్నారు.

అయితే జ్ఞాపకం విషయంలో ఒక జాగ్రత్త ఉండాలి. ఊరు గురించి తియ్యగా తలచుకునేటప్పుడు ఆ తియ్యదనం ఎవరి చేదు మీద నిలబడిందో కూడా తలచుకోవాలి. మా పెరట్లోకి రాగలిగినవాళ్లున్నారు, గుమ్మం బయటే ఆగినవాళ్లున్నారు. మా నూతి నీళ్లు అందరివీ కావు. ఆ సంగతి వదిలేసి పారిజాతం గురించి మాత్రమే చెబితే నేను అబద్ధం చెప్పినట్టే. కొబ్బరి చెట్టెక్కి దింపు తీసే మనిషికి మా తోటలో ప్రతి చెట్టూ మాకంటే బాగా తెలుసు. ఆయన జ్ఞాపకాలు ఏ పద్దుల పుస్తకంలోనూ లేవు.

ఇక్కడే జాషువా 'గబ్బిలం' నాకు కొండంత అండ. 1941లో వచ్చిన ఆ కావ్యంలో జరిగేదేమిటి? రాత్రి వేళ, ఒక గుడిసెలో, ఆకలితో ఒక మనిషి ఒంటరిగా ఉన్నాడు. గబ్బిలం ఒకటి లోపలికొచ్చింది. దానితో మాట్లాడాడు. అంతే. సభ లేదు, వేదిక లేదు, వినే మనిషే లేడు. ఆ మనిషిని అంటరానివాడని గుళ్లోకి రానివ్వరు. గబ్బిలం మాత్రం గుళ్లో దేవుడి దగ్గరే వేలాడుతుంది, దాన్ని ఎవరూ ఆపరు. కనక తన బాధ శివుడి చెవిన వెయ్యమని దాన్ని అడుగుతాడు. కాళిదాసు యక్షుడికి మేఘం దొరికితే ఇతనికి గబ్బిలం దొరికింది.

ఇంతకంటే ఒంటరి కవిత్వం ఉందా? ఇంతకంటే గట్టి సామాజిక కవిత్వం ఉందా? రెండూ ఒకటే అయిన చోటు అది. గుడిసె, రాత్రి, ఇంట్లోకొచ్చిన ఒక చిన్న ప్రాణి, దాన్ని చూసి తన సంగతి తనే చెప్పుకున్న మనిషి. జాషువా దీన్ని ఉపన్యాసంలా రాసి ఉంటే ఇన్నేళ్లు మనల్ని ఇలా నిలదీసేది కాదు. చెవి దగ్గర మెల్లగా చెప్పాడు కాబట్టే తప్పించుకోలేకపోతున్నాం. వెనక వరస అన్నవాళ్లని నేను ఈ గుడిసెలోకి రమ్మంటాను.

గొంతు అంటే ఇంకొకటి గుర్తొస్తోంది. మన పిఠాపురం పక్కన చంద్రంపాలెంలో పుట్టిన దేవులపల్లి కృష్ణశాస్త్రి, మాటే సంగీతంగా బతికిన మనిషి, 1963లో జబ్బు చేసి గొంతు పోగొట్టుకున్నారు. 1980లో పోయేదాకా కాగితం మీద రాసి చూపించే మాట్లాడారు. ఎవరైనా వస్తే ప్రశ్న వాళ్లు అడిగేవారు, జవాబు ఆయన రాసేవారు. కవిత్వం మాత్రం ఆగలేదు. ఆయన కోరుకున్న మౌనం కాదది. దాంట్లోనూ పాట వెతుక్కున్నారు. తుమ్మపూడిలో సంజీవదేవ్ కోరుకుని మరీ పల్లెటూరి మౌనంలో ఉన్నారు. యవ్వనంలో హిమాలయాలు తిరిగి, కులూలో నికొలాస్ రోరిక్ దగ్గర గడిపి, తిరిగొచ్చి దుగ్గిరాల పక్కన తన ఊళ్లోనే ఉండిపోయారు. బొమ్మలు వేస్తూ, ఎక్కడెక్కడి మనుషులకో ఉత్తరాలు రాస్తూ జీవితమంతా గడిపారు. మాస్టారు ఆయన ఆత్మకథని మళ్లీ మళ్లీ చదివేవారు.

ఇక చివరి సాక్ష్యం. చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించాను. చెబుతాను.

మా తోటలో కొబ్బరి చెట్లకి పేర్లుండేవి. ఇంట్లో ఎవరు పుట్టినా, కోడలు కాపరానికొచ్చినా ఒక మొక్క పాతేవారు. అది వాళ్ల చెట్టు. మామ్మ చెట్టు, పెద్దాడి చెట్టు, నా చెట్టు. నా తరవాత ఒక చెల్లెలు పుట్టింది. మూడో ఏట పోయింది. దాని చెట్టు మాత్రం ఎదిగింది, కాపుకొచ్చింది. ఆ చెట్టు కాయలు అమ్మ ఎప్పుడూ అమ్మనిచ్చేది కాదు. గుడికి పంపేది, ఎవరైనా చంటిబిడ్డ తల్లి వస్తే చేతిలో పెట్టేది. ఎందుకని ఎవరమూ అడగలేదు, అడగాల్సిన పని లేదు.

1996 నవంబరు 6 రాత్రి తుపాను వచ్చింది. కోనసీమలో, ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఆ రాత్రి చూసినవాళ్లు ఈ హాల్లో చాలామంది ఉన్నారు, నేను వర్ణించక్కర్లేదు. వెయ్యి మందికి పైగా పోయారు. కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. పేపర్లలో లక్షల చెట్లని రాశారు. మా అమ్మ పద్దుల పుస్తకంలో ఆ మర్నాటి తేదీ కింద ఇలా ఉంది: "రాత్రి గాలి. అత్తయ్యగారి చెట్టు పోయింది. పెద్దాడి చెట్టు తల విరిగింది. మా పెళ్లి నాటి చెట్టు పోయింది. గట్టు మీది రెండూ ఉన్నాయి. పాప చెట్టు పోయింది."

ఆ తరవాత కొన్ని పేజీలు ఖాళీ. పాల పద్దు కూడా లేదు. మళ్లీ కొట్టు బాకీతో మొదలైంది.

నేను ఎన్నో విలాప కావ్యాలు పాఠం చెప్పాను. విశ్వనాథ తన భార్య పోయినప్పుడు రాసిన 'వరలక్ష్మీ త్రిశతి' చెప్పాను, నాయని సుబ్బారావు 'మాతృగీతాలు' చెప్పాను. వాటి ముందు మా అమ్మ రాసిన ముక్కల్ని పెట్టడం సాహసమే. కానీ ఆ అయిదారు వాక్యాల్లో ఒక్క విశేషణం లేదు, అయ్యో అన్న మాట లేదు. ఏ చెట్టు ఎవరిదో ఆమెకి తెలుసు, ఏది పడిందో వెళ్లి చూసింది, చూసింది చూసినట్టు రాసింది. కవులు ఏళ్ల తరబడి సాధన చేసేది ఆ చూపు కోసమే. ఇరవై ఏళ్ల పైగా లోపల దాచుకున్న బిడ్డ ఆ ఒక్క ముక్కలో ఉంది. లక్షల చెట్లని పేపరు రాసిన వార్త నాకు గుర్తు లేదు. పాప చెట్టు పోయిందన్న వాక్యం దగ్గర ఇప్పటికీ నా గొంతు పట్టేస్తుంది.

తుపాను తగ్గాక మాస్టారు మా ఊరొచ్చారు. అమ్మతో పాటు తోటంతా నడిచారు. పరామర్శ మాటలేవీ చెప్పలేదు. "ఇది ఎవరిదమ్మా?" అని ప్రతి మోడు దగ్గరా ఆగి అడిగారు. అమ్మ చెప్పింది. ఆయన తన పుస్తకంలో రాసుకున్నారు. వెళ్లేముందు, ఎక్కడెక్కడ కొత్త మొక్కలు వెయ్యాలో గుర్తులు పెట్టించి, కడియం నర్సరీ నుంచి మొక్కలు తెప్పిస్తానన్నారు, తెప్పించారు. ఆ రోజు ఆయన చేసిన పనిలో వృక్షశాస్త్రం ఎంతో, కవిత్వం ఎంతో విడదీసి చెప్పడం నా వల్ల కాదు.

మాస్టారు అలా రాసుకున్న పుస్తకాలన్నీ ఆయన ఇంట్లో భద్రంగా ఉన్నాయని పెద్దమ్మాయి చెప్పింది. వీధిలో కానుగ ఎప్పుడు పూసిందీ, వేప ఎప్పుడు చిగిర్చిందీ, తొలి కోకిల ఎప్పుడు కూసిందీ తేదీలతో సహా ఏటేటా రాసుకున్నారట. పక్కనే ఎవరింట్లో పెళ్లి, ఎవరింట్లో పురుడు. వాతావరణం మారుతోందని అందరూ అంటున్న ఈ రోజుల్లో ఒక వీధి చెట్ల లెక్క ఇన్నేళ్లది ఒక్కచోట దొరకడం చిన్న విషయం కాదు. దాన్ని అచ్చు వెయ్యాలని ఈ సభ తరఫున కోరుతున్నాను. ఖర్చులో నా వంతు నేనిస్తాను.

ఇంకో కోరిక, ముఖ్యంగా ఇక్కడున్న విద్యార్థులకి. మీ ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూచుని మీ పెరట్లోనో వీధిలోనో ఉన్న ఒక్క చెట్టు సంగతి రాయండి. ఎవరు పాతారు, ఏ ఏడు, ఎందుకు, దాని కింద ఎవరు ఏడ్చారు, ఎవరి ఉయ్యాల కట్టారు. అపార్ట్‌మెంట్లో ఉన్నవాళ్లయితే, పోయిన చెట్టు గురించి రాయండి. మీ ఇంట్లో పనికొచ్చేవాళ్లని, దింపు తీసేవాళ్లని కూడా అడిగి వాళ్ల మాటల్లోనే రాయండి. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న మాస్టారి పాత విద్యార్థులు అక్కడి చెట్టు గురించే రాసి పంపండి. మంచి తెలుగు రాదేమోనని భయపడొద్దు, మా అమ్మ చదివింది అయిదో తరగతే. వచ్చే ఏడు ఈ రోజున ఉపన్యాసం పెట్టొద్దు. వచ్చినవన్నీ వరసగా పైకి చదువుకుందాం. నేను దింపు తీసే మా వెంకన్న దగ్గర కూచుని మా తోట గురించి ఆయన చెప్పేది రాసుకొస్తాను.